ఫైలు వాళ్ళదేనా?

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. ఎవరు తగలబెట్టారన్నదే రాజకీయ పార్టీల గొడవంతా. 2022లో జిల్లాలు విడిపోయేదాకా పుంగనూరు కూడా ఆ డివిజన్లోదే. డి పట్టా కోసం ఏళ్ళుగా తిరుగుతున్న పుంగనూరు ఒంటరి మహిళ ఒకామె నన్నడిగింది: "నా అర్జీ గూడా కాలిపాయనా అక్కా?" ఏం చెప్పను? ఆమె చేతిలో రసీదైనా లేదు.

ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చింది, భయం లేదంటున్నారు. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ నోటు రాశారో, ఫైలు ఎవరి దగ్గర ఎన్నాళ్ళు ఆగిందో నమోదవుతుంది. మంచిదే, కాదనను. కానీ ఆ తెర చూసేదెవరు? గుమాస్తా నుంచి కలెక్టరు దాకా లాగిన్ ఉంది. అర్జీ పెట్టుకున్న మనిషికి లేదు. కలిసి పనిచెయ్యడమంటే అధికారులు ఒకరికొకరు నోట్లు రాసుకోవడమేనా?

ఆమెతో పాటు ఓ కార్యాలయానికి వెళ్ళాను. ఫైలు నంబరడిగితే, "మగవాళ్ళెవరైనా ఉంటే పంపించండమ్మా" అన్నారు. (నా డాక్టరేటు కూడా అక్కడ చెల్లలేదు!) కంప్యూటరు ఆయన ముందే వెలుగుతోంది. సాఫ్ట్‌వేర్ మారింది, కుర్చీ మారలేదు.

2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ రికార్డులకు పట్టిక కట్టాలని, వీలైనవి కంప్యూటర్లోకి ఎక్కించాలని చెబుతోంది. ఇది వాళ్ళ దయ కాదు. అందుకే సంఘాల్లో పనిచేసే మనం అర్జీ రాసిపెట్టి ఇంటికొచ్చేస్తే చాలదు. ఫైలు నంబరు, తెలుగులో రసీదు చేతికొచ్చేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలొద్దు.