కాలువ కట్టేసే రోజులు

ప్రియమైన మనవలకు, మనవరాళ్లకు,



సంక్రాంతికి మా పెద్దమనవడు హైదరాబాదు నుంచి వచ్చాడు. కనుమ నాటి రాత్రి తొమ్మిది దాటాక కరెంటు పోయింది. ఇళ్లలో టీవీలు ఆగాయి. గుళ్లో మైకు ఆగింది. వాడి ఫోనులో ఛార్జింగ్ అప్పటికే అయిపోయింది. అరుగు మీద నా పక్కన కూర్చుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ కదిలాడు. పది నిమిషాలైనా కాకముందే "ఏంటి తాతయ్యా ఇంత సైలెంటుగా ఉంది, ఏదోలా ఉంది" అన్నాడు. ఇంతలో కరెంటు వచ్చింది, వాడు లోపలికి పరిగెత్తాడు. ఆ "ఏదోలా" అన్న మాట మాత్రం అరుగు మీద నా దగ్గరే ఉండిపోయింది. వాడొక్కడికే రాస్తే దెప్పినట్టుంటుందని, వాడి ఈడు వాళ్లందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు డెబ్భై రెండేళ్లు. ముప్పై మూడేళ్లు బడిపంతులుగా చేశాను. "సైలెన్స్" అని అరుస్తూ బల్ల మీద బెత్తంతో నేను చేసినంత చప్పుడు మా మండలంలో ఇంకెవరూ చేసి ఉండరు. కాబట్టి మౌనం మీద నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నేను చూసిందేదో చెబుతాను, అంతే.

మా ఇల్లు కాలువ లాకులకు కూతవేటు దూరం. కూతవేటు అంటే ఇవాళ మీకు "దగ్గర" అని మాత్రమే తెలుసు. ఒక మనిషి కేకేస్తే వినపడేంత దూరం అని దాని అర్థం. ఊరు నెమ్మదిగా ఉన్న కాలంలో మనవాళ్లు మనిషి గొంతుతో నేలను కొలిచారు. మొన్న పండగ మూడు రోజులూ మా వీధిలో డీజే మోగుతుంటే, పక్కింటి గుమ్మంలో నిలబడి పిలిచినా మా ఆవిడకు వినపడలేదు. ఆ కొలత ప్రకారం మా రెండిళ్లకీ మధ్య దూరం బాగా పెరిగినట్టే.

లాకుల సంగతికి వస్తాను. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం నుంచి మన మూడు డెల్టాలకూ కాలువలు బయల్దేరతాయి. దాదాపు పది లక్షల ఎకరాలు ఆ నీళ్ల మీదే బతుకుతున్నాయి. మధ్య డెల్టా కాలువ లొల్ల లాకుల దగ్గర చీలి, కోనసీమలోకి పాకుతుంది. ఆ పాకిన వాటిలో ఒకటి మా ఊరిది. లాకుల దగ్గర నీళ్లు పైనుంచి కిందకు దూకుతాయి కదా, ఆ హోరు రాత్రీ పగలూ ఉంటుంది. మేం పుట్టిందీ పెరిగిందీ ఆ హోరులోనే. చుట్టాలొస్తే "ఏంటండీ ఈ చప్పుడు" అనేవారు. "ఏ చప్పుడు?" అని మేం ఎదురడిగేవాళ్లం.

ఏటా దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్లోనో మే మొదట్లోనో, కాలువలు కట్టేస్తారు. ముందుగా మంచినీటి చెరువులన్నీ నింపుకుంటారు. తర్వాత నీళ్లు ఆపి పూడిక తీయడం, గట్లు బాగుచేయడం, లాకు తలుపులకు మరమ్మతులు, గుర్రపుడెక్క తొలగించడం. సార్వాకి జూన్‌లో మళ్లీ వదులుతారు. కాలువ కట్టేసిన మొదటి రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టేది కాదు. హోరు ఆగిపోయింది కదా, అదే ఏదోలా ఉండేది. మీ వాడి మాటే.

మా నాన్నది కురిడీ వ్యాపారం. ముదురు కొబ్బరికాయలను వలవకుండా అటక మీద పేర్చి ఏడాది దగ్గర దగ్గర ఉంచుతారు. లోపలి నీరు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్పను వదిలేసి గుండులా విడిపోతుంది. అదే కురిడీ. అయ్యిందో లేదో పైకి కనపడదు, చెవే చెప్పాలి. నాన్న ఒక్కో కాయ తీసి చెవి దగ్గర పెట్టి ఊపేవాడు. లోపల నీళ్లు గళగళమంటే ఇంకా నెలలు పడుతుందని పక్కన పెట్టేవాడు. ఏ చప్పుడూ లేకపోతే నీరు ఇంకింది గానీ కొబ్బరి ఇంకా చిప్పను పట్టుకునే ఉందని అర్థం. లొటలొటలాడితే తయారైనట్టు, ఆ కాయ అంబాజీపేటకు వెళ్లే రాశిలో పడేది. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. పిల్లలం నవ్వినా కసిరేవాడు.

నాకు పన్నెండేళ్లప్పుడు కాలువ కట్టేసిన రెండో రాత్రో మూడో రాత్రో, నిద్ర పట్టక పడుకుని ఉన్నాను. లాకుల హోరు లేని ఇంట్లో ఒక్కొక్కటే వినపడటం మొదలైంది. గోడ గడియారం. పాకలో గేదె నెమరు. పెరట్లో కొబ్బరాకుల రాపిడి. వాటి మధ్య వీధి అరుగు మీద నాన్న దగ్గు. చిన్న దగ్గు, గుడ్డలో నోరు అదిమిపెట్టుకుని దగ్గుతున్నట్టుంది. ఆగి, మళ్లీ. తెల్లారి అమ్మతో చెప్పాను. అమ్మా ఆ రాత్రి మెలకువతో ఉండి వింది. రాజమండ్రి తీసుకెళితే క్షయ అన్నారు. ఏడాదిన్నర మందులు వాడి నయమైంది. ఇంకో ఇరవై రెండేళ్లు బతికాడు. ఎన్నాళ్ల నుంచి దగ్గుతున్నావని డాక్టరు అడిగితే "దీపావళి నుంచి" అన్నాడట. కొబ్బరికాయ లోపల ఏముందో వినగలిగిన మనిషి గుండెలో ఏముందో, ఒకే ఇంట్లో ఉండి ఆరు నెలలు మాకు వినపడలేదు. దగ్గు ఎప్పుడూ ఉంది. హోరు దాన్ని కప్పేసింది.

నిశ్శబ్దం వల్ల లాభమేంటని మీరడిగితే నా దగ్గర ఉన్న మొదటి జవాబు ఇదే.

ఇప్పుడు మీ "ఏదోలా" దగ్గరకు వద్దాం. కాలువ కట్టేస్తే ముందు కనిపించేది చల్లని ప్రశాంతత కాదర్రా, బురద. పగిలిన కుండలు, తుప్పు పట్టిన చెంబులు, ఎవరిదో తెగిన చెప్పు, చచ్చిన చేపలు. రెండు మూడు రోజులు ఊరంతా వాసన. నీళ్లు నిండుగా పారుతున్నప్పుడు పైన అంతా బాగానే ఉంటుంది మరి. మనసూ అంతే. చెవిలో పాట ఆగిన నిమిషం నుంచి అడుగున పడి ఉన్నవి తేలతాయి. చెయ్యని పని, అనకూడని మాట, ఇంట్లో చెప్పని అప్పు, భయపడుతున్న పరీక్ష. అందుకే చెయ్యి ఫోను మీదకు పోతుంది. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. మనుషులను ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. కావాలంటే నొక్కుకోండి అని ఒక మీట ఇచ్చారు, నొక్కితే కరెంటు షాకు కొడుతుంది. మగవాళ్లు పద్దెనిమిది మందిలో పన్నెండు మంది, ఆడవాళ్లు ఇరవై నలుగురిలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా నొక్కుకున్నారు. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని అంతకుముందు చెప్పినవాళ్లే వీళ్లంతా. అంచేత మీ కంగారు వింతా కాదు, మీ తరానికే పట్టిన జబ్బూ కాదు.

కానీ ఆ బురద చూసి భయపడి ఏ ఇరిగేషన్ వాళ్లూ మర్నాడే నీళ్లు వదిలేయరు. వదిలితే పూడిక అలాగే ఉంటుంది. ఏడాదికేడాది కాలువ మెరక తేలి, చివరి పొలానికి నీరందదు. శివారు రైతును అడగండి, చెబుతాడు.

శరీరానికి ఏమవుతుందో కూడా కొంత తెలుసు. ఇటలీలో పావియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇరవై నలుగురికి రకరకాల సంగీతం వినిపించి గుండె, ఊపిరి, రక్తపోటు ఎలా మారతాయో కొలిచారు. 2006లో ప్రచురించారు. పాటల మధ్య రెండు నిమిషాల ఖాళీ పెట్టారు. తీరా చూస్తే, సంగీతం మొదలుకాక ముందు కంటే ఆ ఖాళీలోనే గుండె వేగం, రక్తపోటు ఎక్కువగా తగ్గాయి. సంగీతాన్ని నేనేమీ అనను. దాని పక్కన కాస్త ఖాళీ కూడా ఉండాలన్నది మన కచేరీలు చేసేవాళ్లకు ముందే తెలుసు.

చెవి సంగతి మరీ మొండిది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. వరిచేను చచ్చినా ఊడ్చుకోవచ్చు, వీటికి ఊడ్పు లేదు. పన్నెండు నుంచి ముప్పై అయిదేళ్ల వయసు వాళ్లలో వంద కోట్ల మందికి పైగా తాము వినే పద్ధతి వల్లే వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎనభై డెసిబెల్స్ అయితే వారానికి నలభై గంటల వరకు ఫర్వాలేదట. డెసిబెల్ లెక్క తమాషా అయింది. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. డీజే బాక్సు పక్కన ఎగిరేటప్పుడు ఈ ఎక్కం గుర్తు తెచ్చుకోండి.

మన నేల మీద మౌనానికి చోటు లేక కాదు. ఈసారి పండగ వెళ్లీ వెళ్లగానే చొల్లంగి అమావాస్య వచ్చింది. కాకినాడ పక్కన చొల్లంగిలో, గోదారి ఏడు పాయల్లో ఒకటైన తుల్యభాగ సముద్రంలో కలిసే చోట, పుష్య బహుళ అమావాస్యనాడు స్నానాలు చేస్తారు. అక్కడ మొదలైన సప్తసాగర యాత్ర అంతర్వేదిలో భీష్మ ఏకాదశికి ముగుస్తుంది. అదే అమావాస్యను ఉత్తరాదిలో ఏమంటారో తెలుసా? మౌని అమావాస్య. ఆ రోజు మాట్లాడకుండా స్నానం చేయాలని వాళ్ల ఆచారం. మనం స్నానం ఉంచుకున్నాం, మౌనం వాళ్లకు వదిలేశాం. నా చిన్నతనంలో ముమ్మిడివరంలో బాలయోగి ఉండేవారు. ఏళ్ల తరబడి మౌనంగా తపస్సులో ఉండి, ఏడాదికి ఒక్కసారి, మహాశివరాత్రి నాడు దర్శనమిచ్చేవారు. 1985లో పోయేవరకూ అంతే. మా మామ్మ నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్లింది. అంత జనంలో తోసుకుంటూ వెళ్లిన వాళ్లు, ఆయన ముందుకు వచ్చేసరికి తమంతట తామే గొంతు తగ్గించడం నాకు గుర్తుంది. మిమ్మల్ని ఆయనలా కూర్చోమనడం లేదు. నావల్లే కాలేదు. నేనడిగేది ఆ గొంతు తగ్గించడం మాత్రమే.

ఎందుకంటే నిశ్శబ్దం మన ఒక్కరి సొత్తు కాదు. ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా బయట మైకులు పెట్టకూడదు. వినడం ఇష్టం లేనివాణ్ని వినమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదని, ప్రశాంతంగా ఉండటం జీవించే హక్కులో భాగమేనని 2005లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇవేవీ రాకముందు మా అమ్మాయి పెళ్లికి నేను మూడు రోజులు మైకు సెట్టు పెట్టించాను. ఎదురింటి పెద్దాయనకు గుండె బాగోలేదు. రాత్రికి కాస్త ఆపమని కోడలితో కబురు పంపారు. "ఒక్క రాత్రికేగా" అన్నాను. మర్నాడు పొద్దున్నే ఆయన కర్ర పట్టుకుని వచ్చి అక్షింతలు వేశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంతకాలం గుర్తుండేది కాదు.

అందుకని పెద్ద పెద్ద వ్రతాలు వద్దు. రోజులో ఒక్క ప్రయాణం చెవిలో ఏమీ పెట్టుకోకుండా చెయ్యండి. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటేటప్పుడు ఫోను జేబులో ఉంచి వశిష్ఠ గోదారిని చూడండి. అవతలి రేవు ఎలాగూ వస్తుంది. రాజమండ్రిలో చదువుకునేవాళ్లకు గౌతమీ గ్రంథాలయం ఉంది, పుస్తకం తీయకపోయినా కూర్చోనిస్తారు. డల్లాసులోనో గచ్చిబౌలిలోనో ఉన్నవాళ్లు కారు ఆపాక, ఇంట్లోకి వెళ్లే ముందు అయిదు నిమిషాలు కారులోనే ఉండండి. మొదటి నాలుగు రోజులు బురద వాసన వస్తుంది. ఓర్చుకోండి. ఆ తర్వాత మీ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారో వినపడుతుంది. బహుశా మీరే కావచ్చు.

ఈ ఏడూ కాలువలు కట్టేస్తారు. ఏ తేదీన కట్టేదీ, ఏ తేదీన వదిలేదీ ముందుగానే చెబుతారు, పేపర్లో వేస్తారు. మీ కాలువకు మాత్రం ఆ తేదీ వేసే ఆఫీసు ఎక్కడా లేదు. మీరే వేసుకోవాలి.

ఇట్లు,
మీ తాతయ్య,
కోనసీమ