కెమెరా పట్టిన చేతి కథలు

జో మజెలిస్ 1956లో వేల్స్ దక్షిణ తీరాన ఉన్న స్వాన్సీ పట్టణంలో పుట్టారు. ఆమె మొదటి కథల సంపుటి ‘డైవింగ్ గర్ల్స్’ 2002లో వచ్చింది. అంటే నలభై దాటిన అయిదారేళ్లకు. అంతకుముందు ఏం చేశారంటే, ఫొటోలు తీశారు, బొమ్మలు వేశారు, పత్రికల పేజీలు దిద్దారు అని పరిచయాల్లో ఒక్క వాక్యం రాసి వదిలేస్తుంటారు. ఈ నెల మేం ఆ ఒక్క వాక్యం దగ్గరే కాసేపు కూర్చోవాలనుకుంటున్నాం.

1980లలో ఆమె లండన్‌లో ‘సిటీ లిమిట్స్’, ‘స్పేర్ రిబ్’, ‘ఉమెన్స్ రివ్యూ’, ‘ఎవ్రీవుమన్’ వంటి పత్రికలకు పనిచేశారు. ‘స్పేర్ రిబ్’ 1972లో మొదలైన స్త్రీవాద పత్రిక. ‘సిటీ లిమిట్స్’ను ‘టైమ్ అవుట్’ నుంచి బయటికొచ్చిన సిబ్బంది 1981లో సహకార పద్ధతిలో పెట్టుకున్నారు. రెండూ 1993లో మూతపడ్డాయి. పత్రికాఫీసుల్లోకి కంప్యూటర్లు ఇంకా పూర్తిగా రాని కాలమది. అచ్చయి వచ్చిన కాలమ్‌లను కత్తిరించి, అట్ట మీద జిగురుతో అతికించి పేజీ కట్టేవారు. వ్యాసం పొడవైతే ఫొటో చిన్నదయ్యేది. ఫొటోలో ఎవరిని ఉంచాలి, ఎవరి భుజం దగ్గర కోసెయ్యాలి అన్నది గడువు తరుముతుండగా తేల్చుకోవాల్సిన సంగతి.

పత్రిక పని చేసినవాళ్లకు ఈ కోత ఎంత బరువైనదో తెలుసు. గుంపులో నిలబడ్డ ఒక మనిషిని అంచు దగ్గర కోసేస్తే ఆ మనిషి ఆ రోజు అక్కడ లేనట్టే. మజెలిస్ కథలు చదువుతుంటే ఆ అంచు దగ్గర మిగిలిపోయినవాళ్ల కోసం ఆమె మళ్లీ వెనక్కి వచ్చారనిపిస్తుంది. ఇది మా అభిప్రాయం. కానీ ‘సిగ్నిఫికెన్స్’ నవల చదివితే మీరూ ఒప్పుకుంటారని మా నమ్మకం.

2014లో వచ్చిన ఆ నవలలో లూసీ స్వాన్ అనే యువతి తన పాత బతుకు వదిలేసి ఫ్రాన్స్ వెళ్లిపోతుంది. జుట్టు కత్తిరించుకుని రంగు వేసుకుంటుంది. కొత్త మనిషిగా బతకాలనుకుంటుంది. కొద్ది రోజుల్లోనే శవమై దొరుకుతుంది. ఇలాంటి కథల్లో మామూలుగా హంతకుడెవరన్న ఆరా మీదే బండి నడుస్తుంది. మజెలిస్ ఆ దారి పట్టలేదు. ఆ అమ్మాయిని చూసినవాళ్లు, చూశామనుకున్నవాళ్లు, చూసి కూడా పట్టించుకోనివాళ్లు, ఒక్కొక్కరి బతుకులోకి వెళ్లి కూర్చున్నారు. ఎవరికి వాళ్లు ఆమె జుట్టును, బట్టలను, నడకను బట్టి ఓ మనిషిని ఊహించుకుంటారు. ఫొటోకు కూడా దొరికేవి జుట్టు, బట్టలు, నిలబడ్డ తీరు, అంతే. ఏళ్ల తరబడి మనుషుల వైపు కెమెరా తిప్పి, అది ఎంతవరకు పట్టగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఎరిగినవాళ్లు మాత్రమే రాయగల నవల అది. 2015లో దానికి జెర్‌వుడ్ ఫిక్షన్ అన్‌కవర్డ్ బహుమతి వచ్చింది. రావలసినంత పేరు రాని మంచి బ్రిటిష్ రచయితలను పాఠకుల ముందుకు తేవడానికి పెట్టిన బహుమతి అది.

స్వాన్సీ సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఊరికి, ఫొటోకు ఉన్న చుట్టరికం దాదాపు ఫొటో అంత పాతది. కాగితం మీద నెగెటివ్ తీసే పద్ధతి కనిపెట్టిన ఫాక్స్ టాల్బట్‌కు దగ్గరి బంధువు ఎమ్మా థామసీనా. ఆమె భర్త జాన్ డిల్విన్ లెవెలిన్ స్వాన్సీ పక్కనే పెన్‌లెర్‌గేర్‌లో ఉండేవారు. 1839లో టాల్బట్ కబురు అందగానే ప్రయోగాలు మొదలుపెట్టారు. తడి ఆరితే పనికిరాకుండా పోయే గాజు పలకలను నిలవ ఉంచడానికి తేనె, వెనిగర్ కలిపి పూసే ఉపాయం 1856లో బయటపెట్టారు. దాంతో పలకలను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని కొండలకూ సముద్రతీరానికీ మోసుకెళ్లే వీలు కలిగింది. స్వాన్సీవాడే అయిన కాల్వర్ట్ జోన్స్ 1841 మార్చి 9న మార్గమ్ భవనాన్ని ఫొటో తీశారు. వేల్స్‌లో తేదీతో సహా మిగిలిన ఫొటోల్లో అదే మొదటిది.

మాకు వీళ్లందరికంటే ఇష్టమైన మనిషి జాన్ చెల్లెలు మేరీ డిల్విన్. మిగతావాళ్లు పెద్ద కెమెరాలతో కోటలనూ చెట్లనూ తీస్తుంటే ఆమె చిన్న కెమెరా పట్టుకున్నారు. చిన్న కెమెరాకు తక్కువ సమయం చాలు. మనిషి నిమిషాల తరబడి బిగుసుకుపోయి కూర్చోనక్కర్లేదు. అందుకే ఆమె ఫొటోల్లో పిల్లలు పిల్లల్లాగే ఉంటారు, నవ్వు మొహాలు కనిపిస్తాయి. 1850లలో మంచుతో చేసిన బొమ్మను కూడా ఆమె తీశారు. ఇంటి ముంగిట జరిగే చిన్న సంగతికి కూడా ఫొటో దక్కాలని ఆ కాలంలో అనుకోవడం సామాన్యమైన విషయం కాదు. మజెలిస్ ఈ మేరీని గురువుగా చెప్పుకున్నారని మేం అనడం లేదు. ఒకే ఊరి ఇద్దరు స్త్రీలు, నూరేళ్లకు పైబడిన ఎడంతో, చిన్న సంగతుల వైపే చూపు తిప్పారని మాత్రం అంటున్నాం.

స్వాన్సీ అనగానే సాహిత్యలోకం డిలన్ థామస్ పేరు చెబుతుంది. 1914లో అక్కడే పుట్టిన ఆ కవి తన చిన్ననాటి ఊరి మీద కథలు కూడా రాశాడు. అవి మగపిల్లవాడి కళ్లతో చూసిన వీధులు. పైగా ఊరి నడిబొడ్డు వీధుల్లో చాలావరకు 1941 ఫిబ్రవరిలో వరసగా మూడు రాత్రులు జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు కూలిపోయాయి. మజెలిస్ తరం పెరిగింది ఆ శిథిలాల మీద మళ్లీ కట్టిన ఊళ్లో. 2016లో వచ్చిన ‘రిచువల్, 1969’ సంపుటిలో ఆడపిల్లల బడి ఉంది, ఆటస్థలంలో ఒకరినొకరు తూచుకునే చూపులు ఉన్నాయి, ఆడపిల్ల ఆడమనిషిగా మారే దారిలో పొంచి ఉన్న భయాలు ఉన్నాయి. కొన్ని కథల్లో దెయ్యం కథల నీడ పడుతుంది. అది కేవలం భయపెట్టడానికి తెచ్చిపెట్టుకున్న నీడ కాదు. ఎవరో తనను చూస్తున్నారన్న స్పృహతో పెరిగే ఆడపిల్ల బతుకులో ఆ నీడ ముందే ఉంది. డిలన్ థామస్ ఊరికి మిగిలిపోయిన సగం కథ ఇక్కడ దొరుకుతుంది. ఆ సంపుటి 2017లో వేల్స్ బుక్ ఆఫ్ ది ఇయర్ బహుమతి తుది జాబితాలో నిలిచింది.

ఈ పుస్తకాలను ఎవరు వేశారన్నదీ చూడాలి. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ జనాభా 31 లక్షలు. ఆ లెక్కల్లోనే అక్కడ వెల్ష్ భాష మాట్లాడేవాళ్లు నూటికి 18 మందికి లోపే. సొంత భాషను కాపాడుకోవడానికి పోరాడుతున్న దేశంలో ఇంగ్లీషులో రాసే రచయిత పరిస్థితి ఇబ్బందికరమైనది. లండన్ ప్రచురణకర్తకు ఆ రచయిత ప్రాంతీయుడు. వెల్ష్‌లో రాసేవాళ్లకు పక్కింటివాడు. ఈ సందులో నిలబడి అలాంటి రచయితలకు పుస్తకాలు వేసింది చిన్న ప్రచురణ సంస్థలే. మజెలిస్ మొదటి సంపుటిని పార్థియన్ వేసింది. ‘సిగ్నిఫికెన్స్’, ‘రిచువల్, 1969’లను బ్రిడ్జెండ్ పట్టణంలోని సెరెన్ వేసింది. ఈ రెండు సంస్థలు లేకపోతే ఈ సంపాదకీయం రాసే అవసరమే మాకు వచ్చేది కాదు.

ఇంగ్లీషు కథను తెలుగు చేసే మిత్రులకు ఒక మనవి. మనం ఎప్పుడూ అవే పది పేర్ల చుట్టూ తిరుగుతున్నాం. ఈసారి మజెలిస్ కథలు చదవండి. నచ్చిన కథ ఒకటి ఎంచుకుని, హక్కుల కోసం ఆ పుస్తకం వేసిన ప్రచురణకర్తకు ఉత్తరం రాయండి. అనుమతి వచ్చాక అనువాదం మాకు పంపండి. ఆ కథకు ఈ పత్రికలో చోటుంది.