ఎవరెవరున్నారు?
రిటైరైనవాళ్లు నలుగురు కలిస్తే మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్ ఐడీపీఎల్ వాళ్లనే చూడండి. 1961లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ సోవియట్ సాయంతో బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ కట్టింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారూ అక్కడ పనిచేసినవారే. అక్కడ పని నేర్చినవాళ్లు నగరంలో ఎన్నో మందుల కంపెనీలను నిలబెట్టారు. సంస్థను మూసేయాలని 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఫ్యాక్టరీ మూతపడ్డా నైట్ షిఫ్టుల ముచ్చట్లు మాత్రం ఆగవు.

ఏ కంపెనీవారైనా సరే, ఆ ముచ్చట్ల మధ్య ఒక పనికొచ్చే మాట కూడా చెప్పుకోవాలి. ఈపీఎస్-95 పింఛనుదారులు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ నెలలో ఇచ్చినా ఏడాది చెల్లుతుంది. మరిచిపోతే పింఛను ఆగుతుంది. పింఛనుదారు కన్నుమూస్తే అందులో సగం జీవిత భాగస్వామికి అందుతుంది. అయితే దానికి దరఖాస్తు చేసుకోవాలి. ఆ సంగతి తెలియక ఊరుకునే ఇల్లాళ్లుంటారు. అందుకే పీపీఓ కాగితం ఎక్కడ దాచారో ఇవాళే ఇంట్లో చెప్పండి. పాత మిత్రుడు పోయాడని తెలిస్తే సంతాపంతో సరిపెట్టకండి. వాళ్లింటికెళ్లి, "ఆ కాగితం దొరికిందా అమ్మా?" అని అడగండి. దరఖాస్తు నింపడానికి కాస్త సాయపడండి.