ఓర్పు అని పొగడడం ఇక చాలు

మనలో చాలామందికి యుద్ధకాలం నవలలు ఇష్టం, ముఖ్యంగా ఆడవాళ్ళ స్నేహం గురించినవి. క్రిస్టిన్ హానా రాసిన 'ది నైటింగేల్' ఇక్కడ ఆక్లాండులో మా గుడి వంటింట్లో చాలా చేతులు మారింది. జర్మన్ల కింద ఉన్న ఫ్రాన్సులో ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ అది. నాకూ నచ్చింది. నచ్చనివి ఆ పుస్తకం గురించి మనవాళ్ళు అనే రెండు మాటలు. "తెలుగులో ఇలాంటివి ఎక్కడున్నాయి?" అనేది ఒకటి. "ఆడవాళ్ళకి ఎంత ఓర్పో!" అనేది రెండోది.

మొదటిదానికి జవాబు సులువు. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో సాయుధ పోరాటం జరిగింది. ముందు దొరలు, రజాకార్లు, 1948 సెప్టెంబరు తర్వాత భారత సైన్యం. అందులో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరికి స్త్రీ శక్తి సంఘటన సభ్యులు వెళ్ళి, వాళ్ళు చెప్పింది విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వేశారు. అది నవల కాదు, నిజంగా బతికినవాళ్ళ మాటలు. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది. రెండూ ఇంగ్లీషులో కూడా ఉన్నాయి. కాబట్టి ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న నాలాంటివాళ్ళు కూడా తప్పించుకోలేరు!

రెండో మాట మీదే నా అసలు పోట్లాట. ఓర్పు అంటే దెబ్బ పడుతున్నా ఊరుకోవడం. పాలకుర్తి చాకలి ఐలమ్మ ఊరుకుందా? తను కౌలుకు చేసిన పొలంలో పంటను విసునూరు దొర మనుషులు పట్టుకుపోవాలని చూస్తే, సంఘం వాళ్ళను కలుపుకుని ఆ పంటను ఇంటికి చేర్చింది. మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టి దళాన్ని నడిపింది. దాన్ని ఓర్పు అంటారా?

కష్టం పడలేదని నేను అనడం లేదు. దళంలో ఉండడం కోసం కమలమ్మ కన్నబిడ్డనే ఇచ్చేయవలసి వచ్చింది. కోటేశ్వరమ్మగారు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతంలోకి వెళ్ళారు. ఆ తల్లి తోడు లేకపోతే ఆవిడ వెళ్ళగలిగేవారా? ఒక ఆడమనిషి పోరాటంలో నిలబడింది అంటే, వెనక అన్నం పెట్టినవాళ్ళు, దాచినవాళ్ళు, పిల్లల్ని చూసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. దాని పేరు తోడు. ఓర్పు అనగానే ఒక్కమనిషే కనిపిస్తుంది, మిగతావాళ్ళు మాయమైపోతారు.

ఇంకో నష్టం కూడా ఉంది. పోరాటం ఆగిపోయాక ఆ ఆడవాళ్ళలో చాలామందిని ఇక ఇంటికి వెళ్ళి సంసారం చూసుకోమన్నారు. కొందరిని ఇంటివాళ్ళు కూడా రానివ్వలేదు. ఆ బాధ పుస్తకంలో వాళ్ళే చెప్పారు. "ఎంత ఓర్పు" అని మనం పొగిడితే, వాళ్ళను వదిలేసినవాళ్ళు సులువుగా తప్పించుకుంటారు. గుడిలో కూడా చూస్తున్నాను. తెల్లారకముందే వచ్చి పులిహోర కలిపే ఆడవాళ్ళకు "మీ ఓపికకు దండం" అంటారు. మీటింగులో మాత్రం కుర్చీ వెయ్యరు.

"అది రాజకీయం, మనకెందుకు?" అని ఒక వదినగారు అన్నారు. నేను రోజూ దీపం పెట్టే మనిషిని, ఏ పార్టీలోనూ లేను. కానీ ఫ్రాన్సులో నాజీలతో పోరాడినవాళ్ళలో కమ్యూనిస్టులు లేరా? వెల్లింగ్టన్‌లో పుట్టిన నాన్సీ వేక్ అక్కడే రహస్యంగా పోరాడిందని ఇక్కడ అందరూ గర్వంగా చెప్పుకుంటారు. ఏప్రిల్ 25న మనమూ ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుంటాం. అప్పుడు ఎవరిదే పార్టీ అని అడగం. ఐలమ్మ దగ్గరికి వచ్చేసరికే ఎందుకు అడుగుతాం?

"ఆ తెలుగు మాకు కష్టం" అనేవాళ్ళకు ఒక మాట. అది వ్యాకరణం పుస్తకంలో తెలుగు కాదు, నోటితో చెప్పిన తెలుగు. కళ్ళతో చదివితే ఆగిపోతారు. పైకి చదవండి, అమ్మమ్మ మాట్లాడినట్టు చెవికి అందుతుంది. ఇద్దరు కలిసి కూర్చుని నెలకు ఒకరి కథ చదవండి. ఆవిడ ఎంత భరించింది అని లెక్క పెట్టకండి. ఆవిడ పక్కన ఎవరున్నారు, తర్వాత ఎవరు వదిలేశారు అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు తెలుగులో చెప్పగలిగితే, ఆ రోజు పాఠం మీకు వచ్చినట్టే.