డేటాబేసుల రక్షణము

బ్రిటనులోని టాక్‌టాక్ టెలిఫోను కంపెనీ డేటాబేసు నుండి 2015 అక్టోబరులో 1,56,959 మంది ఖాతాదారుల వివరములు అపహరింపబడినవి. అందు 15,656 మంది బ్యాంకు ఖాతా సంఖ్యలును పరుల పాలయ్యెను. ప్రయోగింపబడినది క్రొత్త విద్య కాదు. ఎస్‌.క్యూ.ఎల్‌. ఇంజెక్షన్ అను నీ మోసము 1998 నాటికే బహిరంగముగ వర్ణింపబడియున్నది.

దీని మర్మము సుబోధమే. దస్తావేజులో పేరునకై విడిచిన ఖాళీలో నొకడు "భూమి యంతయు నాకు వ్రాయవలెను" అని వ్రాసెననుకొందము. గుమాస్తా దానిని పేరుగా గాక యాజ్ఞగా జదివి యమలు జరిపిన నేమగును? పరుల వ్రాతను తన యాజ్ఞావాక్యములో యథాతథముగ నతికించు ప్రోగ్రాము చేయునది యిదియే.

నివారణము సులభము. ఆజ్ఞావాక్యమును ముందుగనే స్థిరపరచి, పరులు వ్రాసినదానిని వేఱుగ, కేవలము విలువగ నందింపవలెను. అప్పు డెట్టి వ్రాతయు నాజ్ఞ కాజాలదు. కొటేషను గుర్తులను మాత్రము ఏరివేసి తృప్తిపడుట చాలదు. ప్రోగ్రామునకు బనికి మించిన యధికారము నీయరాదు.

ఈ యుపాయ మెఱుగనిది కాదు, ఆచరింపబడనిది. 2009లో కొనిన వ్యాపారముతో వచ్చిన పాత వెబ్‌పేజీలను ఆ కంపెనీ పరీక్షింపలేదు. 2015 జులై, సెప్టెంబరు దాడులకును మేలుకొనలేదు. సమాచార కమిషనరు 2016లో 4 లక్షల పౌనుల జరిమానా విధించుట న్యాయమే.

మన పట్టాలును, బ్యాంకు లెక్కలును నేడు కంప్యూటర్ల కెక్కినవి. ఒకరి సొమ్మునకు గాపుండ నంగీకరించినవాడు తలుపు మూయకుండుట పొరపాటు కాదు, అపరాధము. ప్రోగ్రాములను వ్రాయువారును, వ్రాయించు అధికారులును దీనిని గుర్తింతురు గాక.