పొట్టి బేసు బొమ్మ కాదు

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఒక చిన్న సంఘటన. మొన్న వార్షికోత్సవానికి రిహార్సల్సు జరుగుతున్నప్పుడు, మొదటి సంవత్సరం చదువుతున్న ఒక చెల్లెలు సంఘం గదిలోని బేస్ గిటారు తీసుకుని నాలుగు రోజులు పట్టుదలగా సాధన చేసింది. అయిదో రోజు మణికట్టు పట్టుకుని దాన్ని కింద పెట్టేసింది. "నీ చేతులు చిన్నవమ్మా, ఇది నీకు రాదులే" అన్నారు పక్కనున్నవాళ్లు. టాంబరిన్ చేతికిచ్చి వెనక వరసలో నిలబెట్టారు. అక్కడే వున్న నేను నోరు మెదపలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ వ్యాసం.

నిజానికి నా కథా అదే. మాది పాచిపెంట దగ్గర వ్యవసాయ కుటుంబం. కొండవాలున జీడితోట, కింద మడిలో వరి, మెరకన చోళ్లు. పదేళ్ల వయసులో కొడవలి జారి నా ఎడమచేతి చిటికెనవేలు తెగింది. కుట్లు మానాయి గానీ ఆ వేలు పూర్తిగా చాచుకోదు. అయినా నాకు బేస్ అంటే ఇష్టం. మా పై ఊళ్లలో థింసా ఆడేటప్పుడు చెవి మోరీ మీద వుంటుంది, అడుగు మాత్రం తుడుం మీద పడుతుంది. ఇళయరాజా పాటలో బేస్ గిటారు చేసేదీ ఆ పనే. అది ఆగితే గాని అది వున్నట్టు తెలియదు.

సంఘం గదిలోని పెద్ద బేసు మీద నా చిటికెనవేలు నాలుగో మెట్టు అందుకోలేకపోయింది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఆ మాటే చెప్పుకుని బాధపడ్డాను. మా నాన్న కొడవలికి పిడి చెక్కుతూ తలెత్తకుండానే అన్నాడు: "పిడి సేతికి రాపోతే పిడి సెక్కుకుంటాం గాని, సెయ్యి సెక్కుకుంటామేట్రా?"

నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే వుంది. మిగిలింది లెక్కలు.

నట్ నుంచి బ్రిడ్జి దాకా మోగే తీగ పొడవును స్కేలు అంటారు. మామూలు బేసుకు అది 34 అంగుళాలు, పొట్టిదానికి 30 దరిదాపు. శ్రుతి మాత్రం రెంటికీ ఒకటే. లావు తీగ సుమారు 41 హెర్ట్జుల దగ్గర, సన్న తీగ 98 దగ్గర మోగుతాయి. మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు దూరం పెద్దదానిలో 130 మిల్లీమీటర్లు, పొట్టిదానిలో 114. పదహారు మిల్లీమీటర్లే కదా అనవచ్చు. నా చిటికెనవేలికీ ఆ మెట్టుకీ మధ్య వున్నది సరిగ్గా ఆ పదహారే.

ఇక సోనోమీటరు ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. ఒకే తీగను ఒకే శ్రుతిలో వుంచి పొడవు తగ్గిస్తే, బిగువు పొడవు వర్గం ప్రకారం తగ్గుతుంది. 34 నుంచి 30కి వస్తే దాదాపు 22 శాతం తగ్గుదల. అంటే వేలు తక్కువ బలంతో తీగను అదమగలదు. దీనికి మూల్యం కూడా వుంది. లావు తీగ వదులై కొంచెం కొట్టుకుంటుంది, నాదం పెద్దదానంత స్పష్టంగా వుండదు. అయిదు తీగల బేస్ కావాలంటే అట్టడుగు తీగకు పెద్ద స్కేలే మేలు. ఇది దాచి వాదించడం నాకిష్టం లేదు.

కానీ "పొట్టిది పిల్లల బొమ్మ" అనేవారికి మాత్రం జవాబు చెప్పాలి. ఫెండర్ వారి 34 అంగుళాల ప్రెసిషన్ బేస్ 1951లో వచ్చింది. రెండేళ్లకే, 1953లో, గిబ్సన్ వారు 30న్నర అంగుళాల బేస్ చేశారు. 1966లో ఫెండర్ వారే 30 అంగుళాల మస్టాంగ్ తెచ్చారు. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కూడా పొట్టి స్కేలుదే. 1972లో పోయిన ఆ వాద్యం మళ్లీ దొరికిందని 2024లో ప్రకటిస్తే ప్రపంచమంతా వార్త అయింది. బొమ్మ కోసం యాభై ఏళ్లు ఎవరు వెతుకుతారు?

బొమ్మ వీణలు కావాలంటే మాకు దగ్గర్లోనే వున్నాయి. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి పేరుమోసిన వీణలు చేస్తారు. బహుమతులకిచ్చే చిన్న వీణలూ అక్కడే చేస్తారు. అవి అద్దాల బీరువాకి అందం, కచేరీకి పనికిరావు. పొట్టి బేస్ ఆ జాతిది కాదు. పెద్దదాని పనే వేరే కొలతలో చేస్తుంది.

వాద్యాన్ని మార్చుకోవడం అపచారమనే వాళ్లూ వున్నారు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. మామూలుగా మాండొలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు అయిదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. వాద్యం తన సంగీతానికి చాలకపోతే దాన్నే మార్చుకున్నాడు. ఆయనను తప్పుపట్టగలమా?

ఇప్పుడు కొనదలచిన మిత్రులకు నా అనుభవం. ముందు పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. పెద్ద బేస్ తీగలన్నీ ఒక్కో స్వరం, అంటే రెండు మెట్ల మేర, దించి, రెండో మెట్టు దగ్గర గట్టి కాపో బిగించండి. మోగే పొడవు 30.3 అంగుళాలవుతుంది, శ్రుతి మళ్లీ మామూలుదే. ఒక గంట వాయిస్తే పొట్టిది మీకు కావాలో వద్దో మీ చెయ్యే చెబుతుంది.

కొట్టుకు టేపు పట్టుకెళ్లండి. నట్ నుంచి 12వ మెట్టుకు కొలిచి రెండింతలు చేస్తే అదే స్కేలు. పట్టీ వేసుకుని ఎడమచెయ్యి వదిలి చూడండి. పొట్టి బేసులు కొన్నిటికి ఒళ్లు తేలిక, మెడ కిందికి వాలిపోతుంది. వాలితే వెడల్పాటి గరుకు తోలు పట్టీ కావాలి. పన్నెండో మెట్టు మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటిన స్వరం, అదే మెట్టు అదిమి మీటిన స్వరం ఒకటి కావాలి. అదిమింది హెచ్చుగా వుంటే బ్రిడ్జి మీది శాడిల్ వెనక్కి జరపాలి. జరగడానికి చోటుందో లేదో కొనేముందే చూసుకోవాలి.

మార్పుల్లో మొదటిది తీగలు. కొంచెం బరువైనవి వేస్తే వదులు తగ్గుతుంది. మరీ లావైతే తీగ బిరుసెక్కి పై స్వరాలు అపశ్రుతి పోతాయి. పొట్టి స్కేలుకని చేసిన తీగలే కొనండి. నేను పెద్దవి కొని, బిరడా దగ్గర ముందు మడత పెట్టకుండానే కత్తిరించాను. పైచుట్టు వదులైపోయి రెండు తీగలు మూగబోయాయి. జీడితోటలో రెండు రోజుల కూలి అలా పోయింది! బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క పెడితే పాత పాటల్లోలా పొట్టిగా, గుండ్రంగా మోగుతుంది. నచ్చకపోతే తీసేయవచ్చు. నట్ గాడి ఆకురాయితో రాయడం మాత్రం చివరి పని. రాసింది తిరిగి రాదు. వెనక్కి తీసుకోగల మార్పు ముందు, తీసుకోలేనిది తరవాత.

ఒక్క హెచ్చరిక. లోపల బ్రిడ్జికి కలిపిన ఎర్త్ వైరు తెంపకండి. రొద తగ్గాలని యాంప్లిఫయర్ ప్లగ్గు మూడో పిన్ను విరవకండి. మన వేళ్లు వుండేది ఇనప తీగల మీద. సరిగా ఎర్త్ లేని పందిట్లో అది ప్రాణాంతకం.

చివరగా సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే ఏడు వాద్యాలు కొనేటప్పుడు ఒక 30 అంగుళాల బేస్ కొనండి. పెద్దది వుండనివ్వండి, దాని పని దానికుంది. ఆ గదిలోని ప్రతి వస్తువూ మనందరి ఫీజుల్లోంచి వచ్చిందే. చేతులు పొడుగున్న నలుగురికే అందే వాద్యాన్ని అందరి వాద్యం అనగలమా? పిడి చేతికి రానప్పుడు "నీకు రాదు" అని మనిషినే పక్కన పెట్టడం చదువుకున్నవాళ్లు చేసే పని కాదు.

కొనేదాకా నా పాత పొట్టి బేస్ సంఘం గదిలోనే వుంచుతున్నాను. పన్నెండో మెట్టు దగ్గర గీత పడి వుంటుంది, అదే గుర్తు. ఆ చెల్లెలు ఈ వ్యాసం చదివితే, టాంబరిన్ పక్కన పెట్టి ఒకసారి దాన్ని చేతిలోకి తీసుకోమని కోరుతున్నాను. శ్రుతి చేసే వుంది.