చీపురు పడితే లేచేదెంత?

పొద్దున్నే కిటికీలోంచి పడే ఎండ చారను ఎప్పుడైనా గమనించారా? ఇల్లు ఊడుస్తుంటే అందులో నలుసులు గుంపులుగా తిరుగుతుంటాయి. మన పాత కొలతల్లో వాటికి 'త్రసరేణువు' అని పేరు కూడా ఉంది. కంటికి కనిపించేవాటితో అంత భయం లేదు. చిక్కంతా కనిపించనివాటితోనే.

10 మైక్రాన్ల రేణువంటే తల వెంట్రుక మందంలో సుమారు ఏడో వంతు. గాలి కదలని గదిలో అది ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఎనిమిది నిమిషాల దాకా పడుతుంది. అదే 2.5 మైక్రాన్లదైతే దాదాపు రెండు గంటలు! ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఈ సన్నదే. ఇక పైన ఫ్యాను తిరుగుతుంటే అది దిగేదెప్పుడు?

దిగిన దుమ్మయినా ఊరుకోదు. మంచం మీద దుప్పటి దులిపినా, పిల్లలు సోఫాలో గెంతినా, ఊరికే అటూ ఇటూ నడిచినా మళ్లీ లేస్తుంది. 1990లో అమెరికాలోని రివర్‌సైడ్ పట్టణంలో 178 మందికి చిన్న పరికరాలు తగిలించి చూశారు. పగటిపూట ఇంట్లోనూ బయటా 10 మైక్రాన్లలోపు ధూళి ఘనపు మీటరుకు సగటున 95 మైక్రోగ్రాములుంటే, మనుషుల ఒంటి దగ్గర 150 తేలింది. ఎవరి దుమ్ము మేఘాన్ని వాళ్లే వెంటేసుకు తిరుగుతున్నారన్నమాట!

సన్న రేణువుల్లో ఎక్కువ భాగం మాత్రం పొగతో వచ్చేవే. తాలింపు, అగరుబత్తి, సాంబ్రాణి... అన్నిటికన్నా దోమల చుట్ట. చైనా, మలేసియా చుట్టలను పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్క చుట్ట కాలితే వెలువడే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానం. మనమేమో తలుపులన్నీ బిగించి మరీ వెలిగిస్తాం, పక్కన పసిపిల్లను పడుకోబెట్టి. దోమతెర కట్టుకుంటే ఈ బాధే లేదు.

వాకిలి ఊడ్చేముందు నీళ్లు చిలకరించే అలవాటు మన పల్లెల్లో ఉంది. తడిసిన దుమ్ము లేవదు, అదే కిటుకు. ఇంట్లోనూ వీలైనచోట పొడి చీపురు బదులు తడిగుడ్డ వాడండి. ఊడవక తప్పకపోతే ఫ్యాను ఆపి కిటికీలు తెరవండి. ఆయాసం ఉన్న పెద్దవాళ్లను, పాకే పిల్లలను కాసేపు వేరే గదిలో ఉంచండి. అందరికన్నా ఎక్కువ దుమ్ము పీల్చేది చీపురు పట్టిన మనిషే. కొంగు అడ్డం పెట్టుకుంటే పెద్ద నలుసులు ఆగుతాయేమో గానీ సన్నవి ఆగవు. కరోనా రోజుల్లో కొన్న ఎన్-95 మాస్కులు బీరువాలో మిగిలి ఉంటే, ఒకటి పనిమనిషికీ ఇవ్వండి.